మీకు తెలుసా? డొరొతీవి వెండి బూట్లు!
1939 నాటి ‘ది విజర్డ్ ఆఫ్ ఓజ్’ సినిమాలో కథానాయిక డొరొతీ తొడుక్కున్న కెంపుల బూట్లు, 1900లో వచ్చిన ఎల్. ఫ్రాంక్ బామ్ మూల నవలలో వెండివి. టెక్నికలర్‌లో ఎరుపు బాగా మెరుస్తుందని మార్చారు. దానివల్ల కథకు పోయిందేమీ లేదు. డొరొతీ ఉండే కాన్సాస్‌ను రంగుల్లేకుండా చూపడమైతే నవలను గౌరవించడమే, ఎందుకంటే బామ్ ఆ నేలను బూడిదరంగులోనే వర్ణించాడు. అసలు నష్టం ముగింపులో జరిగింది. నవలలో ఓజ్ నిజంగా ఉన్న దేశం. సినిమాలో అది తలకు దెబ్బ తగిలిన పిల్ల కన్న కల. పెద్దలకు నమ్మకం కుదరాలంటే కల అనక తప్పదని కొందరు వాదించవచ్చు. కానీ 1910లో వచ్చిన బామ్ మరో నవల ‘ది ఎమరాల్డ్ సిటీ ఆఫ్ ఓజ్’లో, అప్పులపాలై పొలం పోగొట్టుకుంటున్న తన ఎమ్ అత్తను, హెన్రీ మామను డొరొతీ ఓజ్‌కే తీసుకెళ్లి అక్కడే స్థిరపడుతుంది. బామ్ ఆ పిల్ల మాటను పూర్తిగా నమ్మాడు, సినిమా నమ్మలేదు.