రేకుల షెడ్డు నుంచి రికార్డింగ్ స్టూడియో దాకా

హైదరాబాద్‌లో సనత్‌నగర్, బాలానగర్, నాచారం వంటి పాత పారిశ్రామిక వాడల్లో మూతపడిన షెడ్లు కనిపిస్తాయి. ఇటుక గోడలు, పైన రేకులు, ముందు రోలింగ్ షట్టరు, లోపల సిమెంటు గచ్చు. యంత్రాలు వెళ్లిపోయాక మిగిలేది మధ్యలో స్తంభాలు లేని ఎత్తైన ఖాళీ జాగా. సంగీతం రికార్డు చేసేవాళ్లు వెతుక్కునేది కూడా అలాంటి జాగానే. అందుకే ఖాళీ షెడ్డును స్టూడియోగా మార్చుకోవాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. ఆలోచన మంచిదే. అయితే ఆ మార్పులో డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎందుకు పెట్టాలి అన్నది ముందుగా తెలియకపోతే చివరికి మిగిలేది అందమైన గోడలున్న మోత గది.

ఇప్పుడే ఎందుకు?

ఒకప్పుడు తెలుగు సినిమా పాటలు మద్రాసులో రికార్డయ్యేవి. ప్రసాద్, ఏవీఎం, విజయా గార్డెన్స్ వంటి చోట్ల పెద్ద హాళ్లుండేవి. వాద్య బృందమంతా ఒకేసారి కూర్చుని వాయించేది. కంప్యూటర్ వచ్చాక ఒక్కో వాద్యాన్ని విడివిడిగా, వేర్వేరు రోజుల్లో రికార్డు చేయడం వీలైంది. ఈ రోజు ఒక గాయకుడు పడగ్గదిలో మంచి మైకు పెట్టుకుని పాట పాడి పంపగలడు.

పడగ్గదిలో కుదరనివి మాత్రం కొన్ని మిగిలాయి. డప్పు దళం, సన్నాయి డోలు, పది వయొలిన్ల బృందం, కోరస్, డ్రమ్స్. వీటి నాదం విచ్చుకోవడానికి చుట్టూ గాలి కావాలి, పైన ఎత్తు కావాలి. ఊళ్లో అంత జాగా తక్కువ అద్దెకు దొరికేది షెడ్డులోనే.

ఈ దారిలో ముందే నడిచినవాళ్లు ఉన్నారు. అమెరికాలోని మెంఫిస్‌లో శామ్ ఫిలిప్స్ 1950లో స్టూడియో తెరిచిన చిన్న గది, అంతకుముందు మోటారు రేడియేటర్లు బాగుచేసే దుకాణం. ఎల్విస్ ప్రెస్లీ తొలి రికార్డు 1954లో అక్కడే తయారైంది. అలబామాలో నలుగురు వాద్యకారులు 1969లో మజిల్ షోల్స్ సౌండ్ స్టూడియో పెట్టుకున్నది శవపేటికలు అమ్మిన కట్టడంలో. అదే ఏడాది డిసెంబరులో రోలింగ్ స్టోన్స్ బృందం అక్కడికి వచ్చి పాటలు రికార్డు చేసుకుంది. మెంఫిస్‌లోనే స్టాక్స్ సంస్థ 1960లో ఒక పాత సినిమా హాలును అద్దెకు తీసుకుంది. కుర్చీలు తీసేశారు కానీ వాలుగా ఉన్న నేలను చదును చేయలేదు. ఆ వాలు వల్ల నేల, పైకప్పు సమాంతరంగా లేకుండా పోయాయి. అది ఆ గది నాదానికి ఎలా కలిసొచ్చిందో ముందు ముందు అర్థమవుతుంది.

రెండు వేర్వేరు పనులు

స్టూడియో కట్టడంలో రెండు పనులున్నాయి. మొదటిది శబ్ద నిరోధం (బయటి చప్పుడు లోపలికి, లోపలిది బయటికి పోకుండా ఆపడం). రెండోది శబ్ద సంస్కారం (లోపల పుట్టిన ధ్వని గోడలకు తగిలి ఎలా తిరిగి రావాలో నిర్ణయించడం). ఈ రెండింటికీ వాడే వస్తువులు వేరు, సూత్రాలు వేరు. మొదటిదానికి బరువు కావాలి. రెండోదానికి మెత్తదనం కావాలి. గోడకు ఫోమ్ అతికిస్తే, కోడిగుడ్ల అట్టలు అంటిస్తే పక్కింటి చప్పుడు ఆగుతుందని చాలామంది నమ్ముతారు. ఆగదు. ఫోమ్ తేలిక. గాలి దాటగలిగిన తేలిక వస్తువును శబ్దమూ దాటుతుంది.

శబ్దాన్ని ఆపడం

ఎంత ఆపాలో లెక్క వేసుకుందాం. శబ్ద తీవ్రతను డెసిబెల్‌లో (ప్రతి పది అంకెలకూ శక్తి పది రెట్లయ్యే కొలమానం) చెబుతారు. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం పారిశ్రామిక ప్రాంతంలో పగటిపూట 75 డెసిబెల్ వరకు, రాత్రి 70 వరకు శబ్దం ఉండవచ్చు. నివాస ప్రాంతంలో ఆ హద్దులు 55, 45. అంటే పక్క షెడ్డులో లేత్ మిషన్ తిరుగుతుంటే మీరు ఫిర్యాదు చేయడానికి పెద్దగా వీలుండదు. మంచి రికార్డింగ్ గదిలో నిశ్శబ్దం 25 డెసిబెల్ దరిదాపుల్లో ఉండాలి. 75 నుంచి 25కు రావాలంటే 50 తగ్గాలి. శక్తి లెక్కలో అది లక్షో వంతుకు తగ్గడం.

రెండువైపులా ప్లాస్టరింగ్ చేసిన తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఇంచుమించు ఆ పని చేస్తుంది. కాబట్టి షెడ్డు గోడలతో పేచీ తక్కువ. పేచీ అంతా రేకులతో, షట్టరుతో, పైన ఉండే వెంటిలేటర్లతో. శబ్దానికి చిన్న సందు చాలు. వంద చదరపు అడుగుల గోడలో ఒక్క చదరపు అడుగు తెరిచి ఉంటే, ఆ గోడ ఎంత మందమైనా మొత్తం మీద ఆపగలిగేది 20 డెసిబెల్ మాత్రమే. చిల్లు ఉన్న బిందె ఎంత గట్టి ఇత్తడిదైనా నీళ్లు నిలవనట్టే ఇది. అందుకే పని మొదలయ్యేది సందులు పూడ్చడంతో. షట్టరు వెనుక ఇటుక గోడ కట్టాలి. వెంటిలేటర్లు మూయాలి. కేబుళ్లు వచ్చే రంధ్రాలను కూడా సీలెంట్‌తో నింపాలి.

తర్వాతది బరువు. గోడ బరువు రెట్టింపు చేస్తే అదనంగా వచ్చే లాభం సుమారు 6 డెసిబెల్. బరువు పెంచుకుంటూ పోతే ఖర్చు పెరుగుతుంది కానీ ఫలితం అంత వేగంగా పెరగదు. అందుకే నిపుణులు మరో దారి పట్టారు. అదే గదిలో గది (బయటి కట్టడాన్ని ఎక్కడా తాకకుండా లోపల మరో గది నిలబెట్టడం). పాత గోడకు కొంత ఎడంగా ఇనుప ఫ్రేము నిలుపుతారు. దానికి రెండు పొరల జిప్సం బోర్డు బిగిస్తారు. మధ్య ఖాళీలో గ్లాస్‌వూల్ నింపుతారు. బయటి గోడ కంపించినా ఆ కంపనం గాలి పొరను దాటి రెండో గోడను కదిలించడం కష్టం. అయితే ఒక్క మేకు రెండు గోడలనూ కలిపినా కంపనం దాని గుండా దాటుతుంది. ఈ పనిలో మేస్త్రీ జాగ్రత్త ఎంతో ముఖ్యమైనది ఇందుకే.

రేకుల కప్పుది ప్రత్యేక సమస్య. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. రేకు మీద వాన పడితే రేకే ఒక వాద్యమై మోగుతుంది. దాని కింద బరువైన పైకప్పు వేయాలి. కానీ దాన్ని షెడ్డు ట్రస్సుకు (రేకులను మోసే ఇనుప చట్రానికి) వేలాడదీయకూడదు. తేలికైన రేకులను, గాలి ఒత్తిడిని తట్టుకునేలా లెక్కవేసి కట్టిన చట్రమది. అదనపు బరువుకు ఒంగవచ్చు, పైగా వాన కంపనాన్ని నేరుగా లోపలికి దించుతుంది. లోపలి పైకప్పు లోపలి గోడల మీదే నిలవాలి. ఇంజనీరు లెక్క తప్పనిసరి. దీనికోసం ఎత్తులో కొంత భాగం వదులుకోవాలి. 6 మీటర్ల ఎత్తున్న షెడ్డు నాలుగున్నర మీటర్లకు దిగవచ్చు. అందుకే తీసుకునే షెడ్డు మొదటే ఎత్తుగా ఉండాలి.

ఇక నేల. మట్టి మీద నేరుగా పోసిన సిమెంటు గచ్చు మంచి వరం. కింద మరో అంతస్తు ఉండదు. కానీ పక్కన పవర్ ప్రెస్ ఉంటే దాని దెబ్బ భూమి గుండా వస్తుంది. గోడలు దాన్ని ఆపలేవు. రబ్బరు దిమ్మెల మీద తేలే నేల వేయాలి. అది ఖరీదైన పని. కాబట్టి అద్దె మాట్లాడుకునే ముందే, చుట్టుపక్కల పనులు ముమ్మరంగా సాగే వేళ ఆ షెడ్డులో కూర్చుని వినాలి. వాన పడుతున్న రోజున మళ్లీ వెళ్లి వినాలి.

శబ్దాన్ని మలచడం

బయటి చప్పుడు ఆగింది. ఇప్పుడు ఖాళీ గదిలో చప్పట్లు కొడితే మోత ఆగదు. దీన్ని కొలిచే పద్ధతి కనిపెట్టినవాడు అమెరికా భౌతిక శాస్త్రవేత్త వాలెస్ సాబిన్. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాస మందిరంలో మాటలు కలిసిపోయి వినపడకపోవడంతో 1895లో దాన్ని సరిచేసే పనిని ఆయనకు అప్పగించారు. ఆయన పక్క థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు తెప్పించి, గదిలో పరుస్తూ, రాత్రివేళ మోత ఎంతసేపు నిలుస్తుందో కొలిచాడు. మెత్తలు పెరిగేకొద్దీ మోత తగ్గింది. దాన్నుంచి వచ్చిందే అనురణన కాలం (శబ్దం ఆగాక దాని మోత 60 డెసిబెల్ తగ్గడానికి పట్టే సమయం).

సూత్రం సులువు. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలోని ఉపరితలాలు మొత్తంగా పీల్చే వైశాల్యంతో భాగించాలి. 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల ఎత్తున్న షెడ్డును తీసుకుందాం. ఘనపరిమాణం 576 ఘనపు మీటర్లు. గోడలు, నేల, కప్పు కలిపి 432 చదరపు మీటర్లు. గట్టి ఉపరితలాలు తమ మీద పడ్డ ధ్వనిలో సగటున 3 శాతం పీల్చుకుంటాయనుకుంటే అనురణన కాలం 7 సెకన్లు వస్తుంది. అలాంటి చోట మృదంగం వాయిస్తే జతులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. దాన్ని 0.7 సెకన్లకు తేవాలంటే సుమారు 130 చదరపు మీటర్లకు సమానమైన పీల్చే వైశాల్యం కావాలి. మొత్తంలో అది దాదాపు మూడో వంతు. అన్ని గోడలనూ మెత్తతో కప్పనక్కర్లేదని ఈ లెక్కే చెబుతోంది. అంతా కప్పేస్తే వాద్యం ఊపిరాడనట్టు వినిపిస్తుంది.

ఏ మందంలో కప్పాలన్నది తర్వాతి ప్రశ్న. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. 1000 హెర్ట్జ్ (సెకనుకు వెయ్యి కంపనాలు) ధ్వని అల పొడవు 34 సెంటీమీటర్లు. 100 హెర్ట్జ్ ధ్వనిది 3.4 మీటర్లు. మెత్తటి పొర బాగా పనిచేయాలంటే దాని మందం అల పొడవులో నాలుగో వంతు దరిదాపుల్లో ఉండాలి. మొదటిదానికి ఎనిమిదిన్నర సెంటీమీటర్లు చాలు. రెండోదానికి 85 సెంటీమీటర్లు కావాలి. రెండంగుళాల ఫోమ్ తాళాల రవళిని మింగేస్తుంది కానీ డోలు గుమ్మును ముట్టుకోదు. ఫలితంగా గది మొద్దుగా, గుమ్మని మోగుతూ మిగులుతుంది. అందుకే మూలల్లో, పైకప్పులో గ్లాస్‌వూల్ లేదా రాక్‌వూల్‌ను దళసరిగా, వెనుక ఖాళీ ఉంచి అమరుస్తారు.

పెద్ద గదికి ఇక్కడే మేలు కలుగుతుంది. రెండు సమాంతర గోడల మధ్య కొన్ని స్వరాలు నిలిచిపోయి అతిగా వినిపిస్తాయి. గోడల మధ్య దూరం 3.4 మీటర్లైతే 50 హెర్ట్జ్ దగ్గర ఆ పోటు మొదలవుతుంది. చిన్న గదిలో ఈ పోట్లు దూరదూరంగా, స్పష్టంగా బయటపడతాయి. పెద్ద గదిలో అవి ఒకదానికొకటి దగ్గరగా సర్దుకుని సమంగా వినిపిస్తాయి. గోడలను కొద్దిగా ఏటవాలుగా కడితే చప్పుడు రెండు గోడల మధ్య టపటపా కొట్టుకోవడమూ తగ్గుతుంది. స్టాక్స్ వాళ్ల వాలు నేల చేసిన మేలు అదే.

గాలి, కరెంటు, నిప్పు

సందులన్నీ మూసిన గదిలో పదిమంది వాయిస్తే కాసేపటికే ఉక్కపోస్తుంది. ఏసీ తప్పదు, తాజా గాలీ తప్పదు. కానీ ఏసీ హోరు మైకులో పడకూడదు. ఉపాయం ఒకటే: వెడల్పైన గొట్టాల్లో గాలిని నెమ్మదిగా పంపాలి. గొట్టాల లోపల మెత్తటి పొర వేయాలి. కంప్రెసర్‌ను షెడ్డు బయట, రబ్బరు దిమ్మెల మీద పెట్టాలి. ఈ ఖర్చును మొదటి అంచనాలో చేర్చకపోతే తర్వాత కట్టిన గోడలనే పగలగొట్టాల్సి వస్తుంది.

షెడ్లకు సాధారణంగా త్రీ ఫేజ్ కనెక్షన్ ఉంటుంది. అది సౌకర్యం. ఏసీని ఒక ఫేజ్ మీద, రికార్డింగ్ పరికరాలను మరో ఫేజ్ మీద నడపవచ్చు. ఎర్తింగ్ సరిగా లేకపోతే మన కరెంటు 50 హెర్ట్జ్ గుర్రుమని రికార్డింగ్‌లో వినిపిస్తుంది.

నిప్పు గురించి గట్టిగా చెప్పాలి. 2003 ఫిబ్రవరిలో అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో స్టేషన్ అనే సంగీత క్లబ్బులో బాణసంచా రవ్వ గోడలకున్న ఫోమ్‌కు అంటుకుంది. వందమంది చనిపోయారు. చప్పుడు తగ్గించడానికి అంటించిన ఫోమే ఆ మంటకు ఇంధనమైంది. గ్లాస్‌వూల్, రాక్‌వూల్ అలా మండవు. కాబట్టి అవే వాడాలి. బయటికి రెండో దారి ఉండాలి. శబ్దం ఆపే తలుపులు బరువుగా ఉంటాయి కాబట్టి అవి బయటికి సులువుగా తెరుచుకోవాలి.

కాగితాలు

పారిశ్రామిక వాడలో షెడ్డు ఒక నిర్దిష్ట వినియోగం కోసం ఇచ్చినదై ఉండవచ్చు. వినియోగం మార్చడానికి తెలంగాణలో టీజీఐఐసీ, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఐఐసీ వంటి సంస్థల అనుమతి, స్థానిక సంస్థ లైసెన్సు అవసరమా అన్నది అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోవాలి. ఔటర్ రింగ్ రోడ్డు లోపలి పారిశ్రామిక భూములను ఇతర అవసరాలకు మార్చుకునే విధానాన్ని తెలంగాణ ప్రభుత్వం 2025 నవంబరులో తెచ్చింది. దానివల్ల పాత షెడ్ల స్థలాలకు గిరాకీ పెరగవచ్చు. యజమాని షెడ్డు ఖాళీ చేయమంటే మైకులు, కంప్యూటర్లు పట్టుకెళ్లవచ్చు. గదిలో కట్టిన గదిని పట్టుకెళ్లలేరు. అందుకే లీజు పెట్టిన ఖర్చు తిరిగి వచ్చేంత కాలం ఉండాలి, దాన్ని రిజిస్టరు చేయించుకోవాలి.

చివరికి తేలేది

ఖర్చు వరుస ఇలా ఉండాలి. మొదట షెడ్డు ఎంపిక, తర్వాత సందులు, తర్వాత లోపలి గది, దానితోపాటే ఏసీ, కరెంటు. ఆ తర్వాత శబ్ద సంస్కారం. చివర పరికరాలు. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు ఖరీదైన మైకు కొంటారు. మంచి మైకు గదిలోని తప్పులను మరింత స్పష్టంగా పట్టిస్తుంది. మైకు మార్చడానికి నిమిషం చాలు. గోడ మార్చడానికి స్టూడియో మూయాలి.

ఈ లెక్కలేవీ హైదరాబాద్‌కే పరిమితం కావు. జిల్లా కేంద్రాల పారిశ్రామిక వాడల్లోనూ ఖాళీ షెడ్లున్నాయి. అక్కడ అద్దె తక్కువ. చుట్టూ రొద తక్కువైన చోట శబ్ద నిరోధానికి అయ్యే ఖర్చూ తగ్గుతుంది. సన్నాయి మేళాలు, డప్పు దళాలు, బుర్రకథ బృందాలు ఎక్కువగా ఉండేదీ ఆ జిల్లాల్లోనే. తమ ఊరికి దగ్గర్లో ఒక సరైన గది ఉంటే వాళ్లు రాజధానికి ప్రయాణం కట్టనక్కర్లేదు. మన వాద్యాలు ఎలా మోగుతాయో తర్వాతి తరాలకు మంచి నాణ్యతతో దాచిపెట్టాలంటే ముందు కావలసింది అలాంటి గదులే. వాటికి పెద్ద పెట్టుబడిదారుల కన్నా, పని వరుస తెలిసిన ఓపికగల మనుషులు ఎక్కువ అవసరం.