చిన్న డంబెల్‌తో కండ పెరుగుతుందా?

పెరుగుతుంది, సెట్‌ను మధ్యలో వదిలేయకపోతే.

ఎందుకంటే కండలోని పోగులన్నీ ఒకేసారి పనిలోకి దిగవు. ఒక్కో నాడీకణం చేతికింద కొన్ని పోగులు గుంపుగా ఉంటాయి. ముందు చిన్న గుంపులు కదులుతాయి, వాటి బలం చాలకపోతేనే పెద్దవి వచ్చి కలుస్తాయి. ఈ వరుసను 1950, 60లలో ఎల్వుడ్ హెన్నెమన్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. బాగా లావెక్కే పోగులు ఎక్కువగా ఉండేది పెద్ద గుంపుల్లోనే.

పెద్ద బరువైతే మొదటి రెప్ (ఒకసారి ఎత్తి దించడం) నుంచే వాటికి పిలుపు వెళ్తుంది. ఐదు కిలోల డంబెల్‌కి అంత అవసరం ఉండదు. పదిహేను దాకా చెయ్యి హాయిగా లేస్తుంది. పాతిక దగ్గర పడేసరికి చూడండి: డంబెల్ సగంలో నత్తనడక నడుస్తుంది, నడుము ఊపందుకుంటుంది, పళ్ళు బిగుసుకుంటాయి. చిన్న గుంపులు అలిసి, పెద్దవి దిగాయన్నమాట. కండను పెంచేది ముఖ్యంగా ఆ కష్టపు రెప్సే. పదిహేనుకే ఆపి ఫోన్ తీసేవాళ్ళు అసలు పని మొదలవకముందే వెళ్ళిపోతున్నారు!

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో దీన్ని తొడల మీద పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. ఒకే మనిషి రెండు కాళ్ళకూ వేర్వేరు పద్ధతులు పెట్టడం అందులోని తెలివైన పని. ఒక్కసారి మాత్రమే ఎత్తగల బరువులో 30 శాతంతో కొన్ని కాళ్ళు, 80 శాతంతో కొన్ని, ఇక లేవదు అనేదాకా పది వారాలు శ్రమించాయి. మూడేసి సెట్లు చేసిన కాళ్ళలో కండ ఇంచుమించు సమానంగా పెరిగింది. బలం మాత్రం 80 శాతానిదే పైచేయి. అలాగని మరీ తేలిక పనికిరాదు. 20 శాతానికి దిగితే కండ పెరుగుదల కూడా తగ్గుతుందని తర్వాతి పరిశోధనల్లో కనిపించింది.

కండ సమానమైనప్పుడు బలంలో తేడా ఎక్కడిది? నరాలది. అన్ని గుంపులనూ ఒక్క క్షణంలో లేపడం, సంకేతాలు వేగంగా పంపడం, ఎదురులాగే కండలను సడలించడం అభ్యాసంతో వచ్చే విద్యలు. బరువైన బార్ పట్టకుండా అవి పూర్తిగా పట్టుబడవు. శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో, 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒంటి బరువుకు హద్దు ఉండే అలాంటి విభాగంలో కండను ఇష్టమొచ్చినట్టు పెంచుకోవడం కుదరదు, నరాలకూ ఒడుపుకూ పదును పెట్టాల్సిందే.

కీళ్ళనొప్పులున్నవాళ్ళు, పెద్ద వయసువాళ్ళు తేలిక బరువుతోనే, చివరి రెండు మూడు రెప్స్ నిజంగా కష్టమయ్యేదాకా చేసుకోవచ్చు. ముప్ఫై కూడా అలవోకగా వచ్చేస్తుంటే డంబెల్ మార్చాలి.