విరేచనం మందులు – ఏది ఎలా పని చేస్తుంది?

రెండు రోజులు విరేచనం కాకపోతే చాలామంది మందుల షాపుకు వెళ్ళి "మోషన్ టాబ్లెట్" అడిగి తెచ్చుకుంటారు. ఈ మందులన్నీ ఒకటి కావు. అందుకే మా వార్డులలో రోగులకు చెప్పే సంగతులే ఇక్కడ వ్రాస్తున్నాము.

ప్రతిరోజూ విరేచనం కాకపోవడం జబ్బు కాదు. వారానికి 3 సార్ల కంటే తక్కువగా, గట్టిగా, ముక్కితే గాని కాకపోతే దానిని మలబద్ధకం అంటాము.

1. పొట్టు మందులు: ఇసబ్‌గోల్ పొట్టు నీటిని పీల్చుకొని ఉబ్బి మలాన్ని మెత్తబరుస్తుంది. గ్లాసెడు నీటిలో కలిపి వెంటనే త్రాగి, పైన మరో గ్లాసు నీరు త్రాగాలి. నీరు చాలకపోతే గొంతులో గాని, పేగులో గాని అడ్డుపడవచ్చు. పడుకోబోయే ముందు వద్దు. గుణం కనిపించడానికి 2, 3 రోజులు పట్టవచ్చు.

2. నీటిని పేగులోకి లాగే మందులు: లాక్టులోజ్ సిరప్ పని చేయడానికి 1, 2 రోజులు పడుతుంది, మొదట్లో కడుపు ఉబ్బరంగా ఉండవచ్చు. మిల్క్ ఆఫ్ మెగ్నీషియా కొన్ని గంటల్లోనే పని చేస్తుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారు దీనిని సొంతంగా వాడకూడదు. మెగ్నీషియం రక్తంలో పేరుకుపోతుంది.

3. పేగును కదిలించే మందులు: బిసాకొడిల్ మాత్ర, సునాముఖి ఆకు ఈ రకానివి. రాత్రి వేసుకుంటే 6 నుండి 12 గంటల్లో విరేచనం అవుతుంది. బిసాకొడిల్ మాత్రను నలగగొట్టకూడదు, పాలతో గాని, గ్యాస్ మందుతో గాని వేసుకోకూడదు. డాక్టరు చెప్పకుండా ఈ రకం మందులు రోజూ వాడితే ఒంట్లో నీరు, పొటాషియం తగ్గి నీరసం వస్తుంది, గుండె దడ కూడా రావచ్చు. ఆముదమూ ఈ రకమే, గర్భిణులు త్రాగకూడదు.

ముఖ్యమైన హెచ్చరిక: కడుపునొప్పి అనగానే పిల్లలకు ఆముదం పట్టించే అలవాటు కొన్ని ఇళ్ళలో ఇంకా ఉంది. తీవ్రమైన నొప్పి, వాంతులు, ఉబ్బరం ఉండి గాలి కూడా పోకపోతే పిల్లలకైనా, పెద్దలకైనా ఏ విరేచనం మందూ, ఎనిమా ఇవ్వవద్దు. అది అపెండిసైటిస్ గాని, పేగు మూసుకుపోవడం గాని కావచ్చు. అప్పుడు పేగును బలవంతంగా కదిలిస్తే పగిలి ప్రాణం మీదికి రావచ్చు. ఏమీ తినిపించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

మలంలో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా, 50 ఏళ్ళు దాటాక కొత్తగా మలబద్ధకం మొదలైనా డాక్టరుకు చూపించుకోవాలి. ఐరన్ మాత్రలు, కొన్ని నొప్పి మందుల వల్ల కూడా మలబద్ధకం వస్తుంది. కాబట్టి వచ్చేటప్పుడు మీరు వాడే మందులన్నీ, ఖాళీ అట్టలైనా సరే, వెంట తీసుకురండి.