నూలు ధూళిలో నిగనిగలాడే జడ: షోలాపూర్ నేతవాడల కేశ సంరక్షణ

హైదరాబాదు నుండి జహీరాబాదు మీదుగా షోలాపూర్‌కు సాగే జాతీయ రహదారికి ఇరువైపులా ఉన్న పల్లెలలో షోలాపూర్ చద్దరు లేని ఇల్లు అరుదు. ఆ చద్దరు నేసిన చేతులు చాలా వరకు తెలుగు చేతులే. నల్లగొండ, మహబూబ్‌నగర్, కరీంనగర్, వరంగల్ ప్రాంతాల నుండి తరాల క్రితం వలస వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు ఆ నగరపు తూర్పు భాగంలో, అశోక్ చౌక్, సాఖర్ పేఠ, దాజీ పేఠ, కన్నా చౌక్ పరిసరాలలో స్థిరపడినవి. 1877లో అక్కడ తొలి నూలు మిల్లు వెలసినది. మిల్లుల కాలం గడిచినా, మరమగ్గాల చప్పుడు మాత్రం ఆ వాడలను విడువలేదు. మగవారు మగ్గాల మీద, ఆడవారు కండెలు చుట్టడంలోనో, టవళ్ళు మడవడంలోనో, బీడీలు చేయడంలోనో దినమంతా గడుపుతారు.

సరిహద్దు గ్రామం నుండి కోడలుగానో, కూలికో ఆ వాడలకు చేరిన వారి నోట మొదటి ఏడాదిలోనే వినవచ్చే మాట ఒకటున్నది: "ఇక్కడి నీళ్ళు పడలేదు, జుట్టంతా ఊడిపోతున్నది." పండుగకు ఇంటికి వచ్చిన బిడ్డ తల చూచి తల్లి కలవరపడుతుంది. వెంటనే ఖరీదైన నూనె సీసా ఒకటి కొనబడుతుంది. వారం రోజుల కూలి అందులో పోయినా ఫలితం కనబడదు. నీళ్ళ దోషం కొంత ఉన్న మాట నిజమే గాని, నేరమంతా నీళ్ళదే కాదు.

వెంట్రుక నడక

మనిషి తలపై సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కొక్కటి నెలకు దాదాపు ఒక సెంటీమీటరు చొప్పున రెండు నుండి ఆరేళ్ళ వరకు పెరిగి, తరువాత రెండు మూడు నెలలు విశ్రాంతి పొంది, రాలిపోతుంది. దాని కుదురు నుండి కొత్తది మొలుస్తుంది. ఈ లెక్కన రోజుకు యాభై నుండి వంద వెంట్రుకలు రాలడం సహజం. మన ఇండ్లలో స్త్రీలు దువ్వెనకు వచ్చిన చిక్కు వెంట్రుకలను గోడ సందులో దాచి, గిన్నెలవాడు వచ్చినప్పుడు అమ్ముకోవడం పాత అలవాటు. ఆ చుట్టే మంచి కొలమానం. ఎప్పటిలాగే ఉన్నదా, హఠాత్తుగా రెండింతలైనదా అన్నది దానితో తెలిసిపోతుంది.

హఠాత్తుగా రెండింతలైతే వెనుకకు రెండు మూడు నెలలు లెక్కించుకోవలెను. టైఫాయిడ్, డెంగీ వంటి తీవ్ర జ్వరం వచ్చినదా? కాన్పు అయినదా? తిండి తగ్గి మనిషి చిక్కిపోయినారా? శరీరానికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు ఎన్నో వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశలోకి పోతాయి. అవి రాలేది మాత్రం రెండు మూడు నెలల తరువాత. ఊరిలో జ్వరం వచ్చి, షోలాపూర్ చేరిన తరువాత జుట్టు రాలితే పాపం నీళ్ళ మీద పడుతుంది. ఈ రాలడం సాధారణంగా ఆరు నెలలలోపు దానంతట అదే నిలిచిపోతుంది. అప్పటికి ఏ సీసా చేతిలో ఉంటే ఆ సీసాకు పేరు వస్తుంది!

నూనె రాయవలసిన వేళ

నేతవాడ తలకు గల ప్రత్యేక సమస్య నూలు ధూళి. గంజి పెట్టిన పడుగు దారం మగ్గంలో ఒరుసుకొన్నప్పుడు గంజి పొడి, దూది పీచు గాలిలోకి లేస్తాయి. పన్నెండు గంటల పాళీ ముగించుకొని బయటకు వచ్చిన మనిషి కనుబొమలు సైతం తెల్లబడి ఉంటాయి. ఆ ధూళి ఊపిరితిత్తులకు చేసే కీడు వేరే పెద్ద కథ. తల విషయానికి వస్తే, పొడి జుట్టు మీద పడిన పీచు దులిపితే పోతుంది. నూనె జుట్టు మీద పడినది మాత్రం అతుక్కొని, చెమటతో కలిసి, మాడుకు పొరగా కడుతుంది.

మన పల్లెలలో ఉదయం తలకు నూనె రాసి, బిగించి జడవేసి పనికి పంపడం ఆచారం. పొలం పనికి అది బాగానే ఉన్నది. మగ్గాల షెడ్డుకు అదే ఆచారం ఎదురు తిరుగుతుంది. నూనె మానవలసిన పని లేదు, వేళ మార్చుకొంటే చాలు. తలస్నానానికి గంట ముందో, లేదా తలస్నానం చేయబోయే రోజుకు ముందు రాత్రో రాసుకోవలెను. కొబ్బరి నూనెకు ఈ విషయంలో ఒక ప్రత్యేకత ఉన్నది. అందులోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి చొచ్చుకొనిపోగలదు. కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, ఖనిజ తైలం మూడింటినీ పోల్చి 2003లో వెలువడిన ఒక పరిశోధనలో, స్నానం వల్ల వెంట్రుక కోల్పోయే మాంసకృత్తులను తగ్గించినది కొబ్బరి నూనె ఒక్కటేనని తేలినది. కాబట్టి బజారులోని సాధారణ కొబ్బరి నూనె చాలును.

పనికి పోయేటప్పుడు తలను పూర్తిగా కప్పే నూలు రుమాలు కట్టుకోవలెను. దానిని రోజూ ఉతకవలెను. ఉతకని రుమాలు కట్టడం నిన్నటి ధూళిని నేడు తలకెత్తుకోవడమే. ఇంటికి రాగానే, లోనికి పోకముందే, వాకిట నిలబడి వెడల్పు పండ్ల దువ్వెనతో కొసల నుండి మొదలుపెట్టి పైకి దువ్వవలెను. కుదుళ్ళ నుండి కిందికి లాగితే చిక్కులు బిగుసుకొని వెంట్రుకలు తెగుతాయి. తరువాత తడిపి పిండిన బట్టతో మాడును తుడుచుకొంటే ఆ నాటికి సరిపోతుంది. బీడీలు చేసే స్త్రీలు తలను తాకే ముందు, ముఖ్యంగా పసిపిల్లల తల దువ్వే ముందు, పొగాకు అంటిన చేతులను సబ్బుతో కడుగుకోవలెను.

నీళ్ళు, సబ్బు, టవలు

ఉజని జలాశయం ఉన్నా షోలాపూర్‌లో నల్లా నీళ్ళకు ఎదురుచూపులు చిరకాలంగా ఉన్నవే. కొరత ఏర్పడినప్పుడు బోరు నీళ్ళే దిక్కు. దక్కను నల్లరాతి నేలలోని ఆ నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు మెండు. అటువంటి ఉప్పునీటిలో ఒంటి సబ్బుతో తల రుద్దుకొంటే సబ్బు నురగనివ్వదు. లవణాలతో కలిసి తెల్లని జిడ్డుగా మారి వెంట్రుకకు అంటుకొంటుంది. జుట్టు గరుకుగా, పీచుగా తోచడానికి కారణమదే. అయితే ఈ నీటి వలన కుదుళ్ళు చచ్చి బట్టతల రావడమన్నది లేదు.

షాంపూ చెడ్డదనీ, సబ్బు మంచిదనీ పెద్దవారిలో ఒక అభిప్రాయమున్నది. ఉప్పునీటి వాడలో ఇది తలకిందుల మాట. షాంపూ ఆ నీటిలో కూడా నురగనిస్తుంది, జిడ్డు కట్టదు. చౌక పొట్లమైనా ఒంటి సబ్బు కంటే నయము. అసలు షాంపూ అన్న మాటే మన చంపీ నుండి పుట్టినది. పందొమ్మిదో శతాబ్దం ఆరంభంలో పాట్నాకు చెందిన దీన్ మొహమ్మద్ ఇంగ్లండులోని బ్రైటన్‌లో స్నానశాల తెరచి ఆ మాటకు అక్కడ పేరు తెచ్చినాడు. శీకాయ, కుంకుడు రసం దొరికేవారు నిశ్చింతగా వాడుకోవచ్చును. కంట పడకుండా చూచుకొంటే చాలు.

వీలైతే తలకు పోసుకొనే నీటిని ముందుగా మరిగించి, తేర్చి, గోరువెచ్చగా వాడవలెను. మరిగినప్పుడు లవణాలలో కొంత భాగం గిన్నె అడుగున తెల్లని పెచ్చుగా దిగిపోతుంది. వానాకాలంలో పట్టిన వాననీరు అన్నిటికంటే మేలు. ధూళిలో పనిచేసేవారు రోజు విడిచి రోజు, తక్కినవారు వారానికి రెండుసార్లు తలస్నానం చేస్తే సరిపోతుంది. దీపావళి అభ్యంగనానికి, శ్రావణ పౌర్ణమి మార్కండేయ రథోత్సవానికి మాత్రమే తలంటుకొనే పద్ధతి నేతపనికి చాలదు.

తరువాత వచ్చేది టవలు. షోలాపూర్ టెర్రీ టవలుకు, చద్దరుకు భౌగోళిక గుర్తింపు ఉన్నది. ఒళ్ళు తుడుచుకొనడానికి దానికి సాటి లేదు. కాని తడి వెంట్రుక పొడి వెంట్రుక కంటే బలహీనం. టవలు ఉచ్చులతో గట్టిగా రుద్దితే తెగుతుంది. టవళ్ళు నేసే ఇంటిలోనైనా తలకు మాత్రం పాత పంచె ముక్కనే చుట్టి, అదిమి తడి తీయడం మంచిది. ఒకే గదిలో మగ్గమూ వంటా సాగే ఇండ్లలో జుట్టు విరబోసుకొని ఆరబెట్టుకొనే చోటు, తీరిక ఆడవారికి దొరకవు. తడి తలనే ముడివేసి పనికి కూర్చుంటారు. దానితో తల వాసన వేస్తుంది, దురద పుడుతుంది. కుంభారీ వద్ద బీడీ కార్మికుల కొరకు నిర్మించిన గోదూతాయి పరులేకర్ కాలనీలోను, 2024 జనవరిలో తొలి 15,000 ఇండ్లు అప్పగించబడిన రాయ్‌నగర్‌లోను ఇంటికొక స్నానపు గది ఏర్పడడం ఈ దృష్టితో చూస్తే చిన్న మార్పు కాదు.

చుండ్రు ఉన్నవారి సంగతి వేరు. మాడు జిడ్డు మీద బతికే ఒక సూక్ష్మ శిలీంధ్రం చుండ్రుకు మూలం. నూనె పట్టించి రెండు మూడు రోజులు ఉంచుకోవడం దానికి మేత వేయడమే. కీటోకొనజోల్ షాంపూను వారానికి రెండుసార్లు, మాడుకు పట్టించి ఐదు నిమిషాలుంచి కడిగితే మూడు నాలుగు వారాలలో అదుపులోకి వస్తుంది.

జడ, యంత్రం

అందం మాట అటుంచి, ప్రాణం మాట ఇది. కండెలు చుట్టే యంత్రం, మగ్గపు బెల్టు, తిరుగుతున్న షాఫ్టు జడ కొసను పట్టుకొన్నచో నెత్తిచర్మమంతా క్షణంలో ఊడివస్తుంది. నడుస్తున్న యంత్రాన్ని స్త్రీలు తుడవరాదనీ, నూనె పెట్టరాదనీ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పినది. ఇంటి వెనుక నాలుగు మగ్గాల షెడ్డులో ఆ మాట వినిపించుకొన్నవారు తక్కువ. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా ఫ్యాక్టరీలలోనూ ఇదే బెడద ఉండినది. వెరోనికా లేక్ అనే సినీతారను అనుకరిస్తూ యువతులు ముఖం మీదికి జుట్టు వదులుకొని పనికి రాగా, 1943లో ఆ తారే ప్రభుత్వ కోరికపై తన జుట్టు ముడివేసి చూపవలసి వచ్చినది.

వేలాడే జడ, చున్నీ, పైటకొంగు మూడూ షెడ్డులోకి పోరాదు. జుట్టు ముడిచి, రుమాలులోకి చెక్కి, కొంగు నడుముకు బిగించవలెను. బడి నుండి వచ్చి కండెలు అందించే ఆడపిల్లల రెండు జడలు మరీ ప్రమాదం. జరగరానిది జరిగితే ముందు కరెంటు ఆపవలెను. గాయాన్ని శుభ్రమైన బట్టతో అదిమి కట్టవలెను. ఊడిన చర్మాన్ని పారవేయక శుభ్రమైన తడిబట్టలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని మంచు మీద ఉంచి, గాయపడినవారితో పాటు ఆసుపత్రికి చేర్చవలెను. మంచు నేరుగా చర్మానికి తగలరాదు. దానిని తిరిగి అతికించే సూక్ష్మ శస్త్రచికిత్స 1976లోనే వైద్య పత్రికలలో నమోదైనది. గంటలు గడిచేకొద్దీ అవకాశం తగ్గిపోతుంది.

తిండి

ఏ నూనెకైనా లోపలి నుండి అందవలసిన బలం ఇవ్వడం చేతకాదు. వెంట్రుక అంటేనే మాంసకృత్తు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. ఇనుము తక్కువైతే శరీరం జుట్టును చివరి వరుసలో నిలబెడుతుంది. జొన్నరొట్టె, పల్లీల చట్నీ షోలాపూర్ ఇంటింటి భోజనం. దానికి పప్పు, తోటకూర, వారానికి రెండు మూడు గుడ్లు, పిండుకొనడానికి నిమ్మబద్ద చేరితే లోటు చాలా వరకు తీరుతుంది. నిమ్మలోని సి విటమిన్ ఆకుకూరలోని ఇనుమును ఒంటికి పట్టేలా చేస్తుంది. తేనీరు దానికి అడ్డుపడుతుంది. మగ్గాల మధ్య గంటకొక కప్పు సాగే వాడలో, కనీసం భోజనానికి గంట ముందు, గంట తరువాత తేనీరు మానితే ఖర్చు లేకుండా మేలు జరుగుతుంది.

పిల్లల తల

ఇరుకు ఇండ్లలో పేలు ఒక తల నుండి మరొక తలకు పాకుతాయి. అవి ఎగరవు, దూకవు. ఇందులో సిగ్గుపడవలసినదీ లేదు, ఆడపిల్లకు గుండు చేయించవలసినదీ లేదు. పెర్మెత్రిన్ ఒక శాతం మందును కడిగిన జుట్టుకు పట్టించి, పది నిమిషాల తరువాత కడిగి, తొమ్మిది పది రోజులకు మరల పట్టించవలెను. మొదటిసారి మిగిలిన ఈపులు ఈలోగా పగులుతాయి కాబట్టి రెండవసారి తప్పనిసరి. ఇంటిల్లిపాదికీ ఒకేనాడు తల చూడవలెను. కిరోసిన్ రాయడం పొయ్యి దగ్గర నిప్పుకు ఆహ్వానం. పత్తికి కొట్టే మందును తలకు రాయడం అంతకంటే ఘోరం, అది మాడు ద్వారా ఒంటిలోకి ఇంకి ప్రాణం తీస్తుంది.

పిల్లల తలపై గుండ్రంగా జుట్టు రాలి, పొలుసులు, చీము కనబడితే అది తామర. పైపూతలతో పోదు, కొన్ని వారాలు మాత్రలు మింగవలసినదే. పెద్దలలో నాణెం వలె నున్నని మచ్చలు ఏర్పడినా, ఆరు నెలలు దాటినా రాలడం ఆగకున్నా, జుట్టుతో పాటు నీరసం, బరువు మార్పు, నెలసరి తేడా కనబడినా రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష అవసరం. డాక్టర్ వైశంపాయన్ స్మారక ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధమైన సివిల్ ఆసుపత్రి షోలాపూర్ నగరంలోనే ఉన్నది. పోయేటప్పుడు తలకు నూనె రాసుకొనక, వాడిన మందుల, నూనెల సీసాలు వెంట తీసుకొనిపోతే వైద్యునికి మాడు స్పష్టంగా కనబడుతుంది, కారణం త్వరగా చిక్కుతుంది.