మొక్కజొన్న పూతకు తుమ్ములా? గడ్డి పుప్పొడి వైద్యం ఎవరికి పనికొస్తుంది

వరి కోతలయ్యాక విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చాలా పొలాల్లో మొక్కజొన్న వేస్తారు. రణస్థలం, చీపురుపల్లి వైపు ఇది మామూలే. దాని మగపూత విచ్చుకునే రోజుల్లో కొందరికి తుమ్ములు, కళ్ల దురద, ముక్కు కారడం మొదలవుతాయి. జలుబే కదా అని మందుల షాపులో బిళ్ల తెచ్చి వేసుకుంటారు. జ్వరం లేకుండా, ఏటా అదే కాలంలో వచ్చి వారాల తరబడి ఉంటే మాత్రం అది పుప్పొడి అలర్జీ కావచ్చు.

వరి, మొక్కజొన్న, జొన్న, గరిక అన్నీ గడ్డి కుటుంబమే. వాటి పుప్పొడిలోని ప్రోటీన్లకు పోలికలున్నాయి. అందుకే గడ్డి పుప్పొడి సారంతో చేసే వైద్యం పైరు పుప్పొడి పడనివారికీ కొంత పనికొస్తుంది. 1911లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో లియోనార్డ్ నూన్ చూపించిన దారి ఇది. చాలా తక్కువ మోతాదు సూదిమందుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు, ఒంటికి అలవాటు చేయడమన్నమాట. బిళ్ల ఆ పూటకు తుమ్ములు ఆపుతుంది. ఇది కుదిరితే, మందు ఆపాక కూడా కొన్నేళ్లు ఉపశమనం నిలుస్తుంది.

చిక్కల్లా ఆ సారం ఏ గడ్డిది అన్న దగ్గరే. నూన్ వాడింది చలిదేశాల తిమోతి గడ్డి. మన గరికకు అది దూరపు చుట్టమే. తిమోతి పుప్పొడిలో ఉండే ఒక ముఖ్యమైన అలర్జీ ప్రోటీన్ గరికలో లేదు. కాబట్టి చేతి మీద చుక్కలు వేసి సూదితో గీరి చూసే పరీక్ష ముందు చేయించుకోవాలి. దానికి కొద్దిరోజుల ముందే అలర్జీ బిళ్లలు ఆపాలి, లేకపోతే ఫలితం తప్పుగా వస్తుంది. రోడ్ల పక్కన పెరిగే వయ్యారిభామను కాంగ్రెస్ గడ్డి అంటారు గానీ అది గడ్డే కాదు, పొద్దుతిరుగుడు కుటుంబం. బాధ దానివల్లయితే గడ్డి సూదిమందుకు డబ్బు దండగ. నూర్పిళ్లప్పుడు మాత్రమే తుమ్ములొస్తే దుమ్మునో, బూజునో అనుమానించాలి.

సూదిమందు మొదట వారం వారం, తర్వాత నెలనెలా, కనీసం మూడేళ్లు. వేయించుకున్నాక అరగంట ఆసుపత్రిలోనే కూర్చోవాలి. అరుదుగా ఊపిరి ఆడక ప్రాణం మీదికి రావచ్చు, అప్పుడు అడ్రినలిన్ చేతికందేలా ఉండాలి. ఆ ఏర్పాటు లేని చోట వేయించుకోకండి. అదుపులో లేని ఆస్తమా ఉన్నవారికి ఇవ్వరు, గర్భిణులకు కొత్తగా మొదలుపెట్టరు.

పనులకు హైదరాబాద్, చెన్నై వెళ్లేవాళ్లకు డోసులు తప్పుతుంటాయి. నెలల విరామం తర్వాత పాత మోతాదే వేయించుకోవడం ప్రమాదం, డాక్టర్ తగ్గించి ఇవ్వాలి. నాలుక కింద పెట్టుకునే మందు కూడా ఉంది, కానీ తొలి మోతాదు డాక్టర్ ఎదుటే. రంజాన్‌లో దాన్ని ఇఫ్తార్ తర్వాతకు మార్చుకోవచ్చా అని రోజాలు మొదలవకముందే అడగండి.