సీజన్ పనివాళ్ల మీద నడిచే క్వీన్స్‌టౌన్

న్యూజిలాండ్ దక్షిణ దీవిలో, వకాటిపు సరస్సు ఒడ్డున ఉన్న క్వీన్స్‌టౌన్ పర్యాటకుల మీద బతికే ఊరు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ స్కీ సీజన్. కరోనెట్ పీక్, రిమార్కబుల్స్ కొండల మీద స్కీయింగ్ కోసం జనం తరలివస్తారు. డిసెంబరు మొదలు ఎండాకాలపు సందడి. బంగీ జంప్ వ్యాపారంగా 1988లో మొదలైంది ఈ ఊరికి దగ్గర్లోని కవారావ్ వంతెన మీదే. పట్టణంలో స్థిరంగా ఉండేవారు సుమారు 30 వేలు. వచ్చేపోయేవాళ్లందరికీ వండి వడ్డించడానికి, గదులు సర్దడానికి వాళ్లు చాలరు. దగ్గర్లోని నగరాలైన ఇన్వర్‌కార్గిల్ దాదాపు 190, డునెడిన్ 280 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. రోజూ అంత దూరం నుంచి పనికి వచ్చిపోవడం అయ్యే పని కాదు. స్థానిక కుర్రకారులో చాలామంది పైచదువులకు బయటి ఊళ్లకు వెళ్లిపోతారు.

ఈ లోటును పూడ్చేది వర్కింగ్ హాలిడే వీసా. 18 నుంచి 30 ఏళ్ల వయసువారికి, కొన్ని దేశాలవారికైతే 35 దాకా, దీన్ని ఇస్తారు. గడువు సాధారణంగా ఏడాది. దేశం చూడటం ప్రధానం, ఖర్చులకు పనిచేసుకోవచ్చు, శాశ్వత ఉద్యోగం మాత్రం పట్టకూడదు. న్యూజిలాండ్‌కు 40కి పైగా దేశాలతో ఇలాంటి ఒప్పందాలున్నాయి.

స్కీ కొండ నడిపే యజమానికి కావాల్సింది సరిగ్గా ఇలాంటి తాత్కాలిక పనివాళ్లే. మంచు పడే నాలుగు నెలలు మనుషులు కావాలి, తర్వాత అక్కర్లేదు. యువతకూ నెలల పనే కావాలి. స్కీ లిఫ్టు దగ్గర నిలబడే కుర్రాణ్ని చూస్తే ఈ పని ఏమిటో తెలుస్తుంది. కదిలి వచ్చే కుర్చీ గట్టిగా తగలకుండా చేత్తో పట్టి, చిన్నపిల్ల భద్రంగా కూర్చునేలా చూస్తాడు. ఆ వెంటనే ఇంకో కుర్చీ. గడ్డకట్టే చలిలో గంటల తరబడి ఇదే పని. జీతంతోపాటు చాలాచోట్ల స్కీ పాసు ఇస్తారు. సెలవు రోజున అదే కొండ మీద జారడానికే చాలామంది ఈ పనికి ఒప్పుకుంటారు. అయితే ప్రతి సీజన్‌లోనూ కొత్తవాళ్లకు మొదటి నుంచీ నేర్పాలి. పని చేతికి వచ్చేసరికి సీజన్ ముగుస్తుంది.

గల్ఫ్‌కు వెళ్లే కరీంనగర్, జగిత్యాల కార్మికుల వీసా మామూలుగా ఒక యజమానికి ముడిపడి ఉంటుంది. దీనికి భిన్నంగా, వర్కింగ్ హాలిడే వీసా మీద న్యూజిలాండ్ వచ్చినవారిలో అత్యధికులు నచ్చని పని వదిలి వేరేచోట చేరవచ్చు. స్థానికులకు వర్తించే కనీస వేతనమే వీళ్లకూ వర్తిస్తుంది. 2025 ఏప్రిల్‌లో దాన్ని గంటకు 23.50 న్యూజిలాండ్ డాలర్లు చేశారు. ఈ విధానంలోని అసలైన మేలు ఈ రెండే.

ఊరు ఎంతగా వీళ్ల మీద ఆధారపడిందో కొవిడ్ కాలంలో బయటపడింది. 2020 మార్చిలో సరిహద్దులు మూసేశారు. 2022లో తెరిచాక పర్యాటకులు తిరిగొచ్చినా పనివాళ్లు అంత వేగంగా రాలేదు. హోటళ్లలో గదులున్నా సర్దేవాళ్లు లేక అమ్ముకోలేకపోయారు. రెస్టారెంట్లు వారంలో కొన్ని రోజులు తలుపులు తెరవలేదు.

పనివాళ్లు వచ్చాక ఇళ్ల కొరత ముందుకొచ్చింది. ఇక్కడ సగటు ఇంటి ధర పది లక్షల డాలర్లు దాటి చాలాకాలమైంది. ఎన్నో ఇళ్లను యజమానులు పర్యాటకులకు రోజువారీ అద్దెకిస్తున్నారు. 2023లో చేతిలో ఉద్యోగం ఉండి కూడా కార్లలో, డేరాల్లో పడుకున్నవారున్నారు. కెనడాలోని స్కీ పట్టణం విస్లర్ ఈ చిక్కును ముందే గుర్తించింది. 1997లోనే హౌసింగ్ అథారిటీని పెట్టి, స్థానికంగా పనిచేసేవారికే చెందేలా ఇళ్లను కేటాయిస్తోంది. అక్కడా కొరత పూర్తిగా తీరలేదు గానీ దారి మాత్రం అదే. పనివాళ్లను పిలిచే ఊరు వాళ్లకు పడకా చూపించాలి.

ఆస్ట్రేలియా ఇలాంటి వీసాను భారతీయులకూ ఇస్తోంది. 2022 డిసెంబరులో అమల్లోకి వచ్చిన వాణిజ్య ఒప్పందం ప్రకారం ఏటా 1,000 మందికి అవకాశం. 2024 అక్టోబరులో తొలిసారి లాటరీకి పేర్లు తీసుకున్నారు. వయసు 18–30 మధ్య ఉండాలి, ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్ల చదువు, ఇంగ్లిష్ వచ్చి ఉండాలి. తొలి లాటరీలో పేరు నమోదు రుసుము 25 ఆస్ట్రేలియా డాలర్లు. నమోదు ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే జరుగుతుంది. లాటరీలో పేరు వచ్చేలా చేస్తానని లక్షలు అడిగే ఏజెంటును నమ్మవద్దు. ఎంపికైనవారు పనికి ఒప్పుకునే ముందే బస ఎక్కడో, అద్దె ఎంతో రాతపూర్వకంగా తేల్చుకోవాలి.