మెడలో అర మిల్లీమీటరు!

'ఇంకో అయిదు నిమిషాలు కదలకండి. వీలైతే గుటక కూడా వేయకండి!'

మెడకు ఎమ్మారై తీసేముందు టెక్నీషియన్లు చెప్పే మాట ఇది. అప్పటిదాకా గుర్తేలేని గుటక సరిగ్గా అప్పుడే గొంతులోకి వచ్చి కూర్చుంటుంది... అదేం చిత్రమో! ఆ కాస్త కదలికకే బొమ్మ మసకబారుతుంది. అందుకే స్కాన్‌ని నిమిషంలోపు ముగించే పద్ధతులు వచ్చాయి. మరి, అంత తొందరగా తీసిన బొమ్మను నమ్మొచ్చా?

మెదడుకు రక్తాన్ని తీసుకెళ్లే కెరోటిడ్ ధమనులు మెడకు చెరోపక్కా ఉంటాయి. దవడ కింద అవి రెండుగా చీలేచోట కొవ్వు పేరుకుంటుంది. అందులోంచి ఓ ముక్క ఊడి మెదడుకు చేరితే పక్షవాతమే. ఒక్కోసారి ముందే హెచ్చరిక వస్తుంది. మాట తడబడుతుంది, చెయ్యి పట్టుతప్పుతుంది, ఒక కంటికి తెర దిగినట్టవుతుంది. కాసేపటికి అంతా మామూలే. 'తగ్గిపోయిందిగా' అని ఇంట్లో ఉండిపోతారు చాలామంది. కానీ అసలు ముప్పు ఎక్కువగా ఉండేది ఆ తర్వాతి కొద్దిరోజుల్లోనే.

అలాంటి హెచ్చరికో, చిన్నపాటి స్ట్రోకో వచ్చినవారి మీద ఉత్తర అమెరికాలో జరిగిన 'నాసెట్' అధ్యయనం ఫలితాలు 1991లో వెలువడ్డాయి. ధమని 70 శాతానికి మించి పూడిపోయినవారిలో, మందులతోనే సరిపెట్టుకున్న వారికి రెండేళ్లలో అదేవైపు స్ట్రోక్ వచ్చింది 26 శాతం మందికి. ఆపరేషన్ చేసి పూడిక తీసినవారిలో అది 9 శాతమే. పూడిక 50-69 శాతం మధ్య ఉంటే ఆపరేషన్‌తో లాభం ఓ మోస్తరు. అంతకన్నా తక్కువైతే లాభం లేదు. పైగా ఆ ఆపరేషన్‌లోనే స్ట్రోక్ వచ్చే ప్రమాదమూ కొంత ఉంది.

ఇప్పుడు చిన్న లెక్క. ధమని లోపలి వెడల్పు అయిదు మిల్లీమీటర్లు అనుకుందాం. 60 శాతం పూడితే మిగిలే దారి రెండు మిల్లీమీటర్లు. 70 శాతమైతే ఒకటిన్నర. అంటే ఆపరేషన్ నిర్ణయాన్ని మార్చేసే తేడా... అర మిల్లీమీటరు! వేగంగా తీసే స్కాన్లలో బొమ్మలోని ఒక్కో చుక్కే చాలాసార్లు దాదాపు మిల్లీమీటరు ఉంటుంది.

అలాగని నిదానంగా తీసిందే నిజమనుకోనక్కర్లేదు. డై ఎక్కించకుండా కొన్ని నిమిషాలపాటు తీసే పద్ధతిలో, ఇరుకుచోట రక్తం సుడులు తిరిగితే బొమ్మలో ఖాళీ కనిపిస్తుంది. దాంతో పూడిక ఉన్నదానికన్నా ఎక్కువగా తోస్తుంది. గెడోలినియం డై ఎక్కించి నిమిషంలోపే తీసేది ఈ విషయంలో నయం. కాకపోతే అదంతా గురి చూసి కొట్టడమే. డై ధమనుల్లోంచి మెడ సిరల్లోకి కొద్ది సెకన్లలోనే దిగిపోతుంది. ఆలస్యమైతే రెండూ కలగాపులగం! కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. కొన్నిరకాల గెడోలినియం మందులతో అలాంటివారికి చర్మం గట్టిపడే జబ్బు వస్తోందని 2006లో తేలింది.

వేగానికి ఇంకో దారి, కొలతల్లో కొన్నింటిని వదిలేసి లెక్కలతో పూరించడం. స్కాన్ సమయం సగానికి తగ్గిస్తే, బొమ్మ స్పష్టత ఎంతలేదన్నా 30 శాతం దాకా తగ్గుతుంది. ఆ లోటు పూడ్చే పనికి ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. బొమ్మ కంటికింపుగానే ఉంటుంది... అసలు చిక్కు అదే. మెదడు స్కాన్ల మీద 2020లో జరిగిన ఓ అంతర్జాతీయ పోటీలో, కొన్ని ప్రోగ్రాములు లేని ఆకారాలను కూడా గీసేశాయని రేడియాలజిస్టులు గుర్తించారు.

అందుకే వైద్యులు ఒక్క బొమ్మతో కత్తి పట్టరు. డాప్లర్, ఎమ్మారై ఒకేమాట చెబితే సరే. చెరోమాట చెబితే సీటీ యాంజియోగ్రామ్ ఉండనే ఉంది. ధమని శుభ్రంగా ఉందనో, బాగా పూడిందనో రెండూ చెబితే పెద్దగా పేచీ లేదు. 60, 65, 70... ఆ గీత దగ్గరే రెండోసారి చూడాలి.

అన్నట్టు, పాత స్కాన్ సీడీ పారేయకండి. ఆరునెలల తర్వాత పూడిక పెరిగిందో లేదో తేల్చాలంటే, అదే పద్ధతిలో తీసిన పాత బొమ్మ పక్కన ఉండాలి.